కంచె లోపలి రాళ్ళకు లెక్క కావాలి: రక్షణ భూముల్లోని ప్రాచీన స్థలాల సర్వేపై బహిరంగ లేఖ

రక్షణ భూములను చూసుకునే అధికారులకు, సైనిక కేంద్రాల కమాండర్లకు, కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖల సంచాలకులకు

నమస్కారం.

1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మద్రాసు దగ్గరి పల్లావరంలో, ఒక కంకర గుంటలోంచి మనిషి చెక్కిన రాయి ఒకటి బయటికి తీశాడు. మన దేశంలో పాతరాతియుగం ఉందని రుజువు చేసిన మొదటి పనిముట్టు అది. ఆ గుంట ఉన్నది కంటోన్మెంటు దగ్గరి బ్రిగేడ్ మైదానంలో. అంటే మన చరిత్రపూర్వ యుగం మొదట బయటపడిందే పటాలం నేల మీద. ఇన్నేళ్ళ తర్వాత కూడా, సైన్యం చేతిలోని భూముల్లో ఎక్కడెక్కడ రాకాసి గుళ్ళు (పాతకాలపు రాతి సమాధులు), పాటిగడ్డలు (పాత ఊళ్ళ దిబ్బలు), బూడిద దిబ్బలు, వీరగల్లులు (వీరుల స్మారక శిలలు), పాడుబడ్డ గుళ్ళు ఉన్నాయో తెలుసుకోవాలంటే ఏ గుమ్మం తొక్కాలో చెప్పేవారు లేరు.

ఇదే విషయమై ఇచ్చిన అర్జీలకు ఒక కార్యాలయం నుంచి "ఆ భూమి మా పరిధిలో లేదు" అని, ఇంకో కార్యాలయం నుంచి "పురావస్తువులు మా పని కాదు" అని జవాబులొచ్చాయి. రెండూ నిజమే. ఆ రెండు నిజాల మధ్య సందులోంచే రాళ్ళు పోతున్నాయి. అందుకే ఈ లేఖ ఇద్దరికీ కలిపి, అందరూ చూసేలా రాస్తున్నాం.

సైన్యాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. నిజానికి కంచె మేలే చేసింది. ఇవతల క్వారీలు మింగిన గుట్టలు, ప్లాట్లుగా మారిన పాటిగడ్డలు. అవతల, ఫైరింగ్ రేంజి కావడం వల్ల నాగలి దిగని, లేఅవుటు పడని నేల. పైగా పురావస్తు విద్యకు మన దేశంలో పాదులు వేసినవాళ్ళు చాలావరకు సైనికులే. అమరావతి స్తూపం మీద మొదట కన్నేసిన కాలిన్ మెకంజీ మద్రాసు ఇంజనీర్ల దళం అధికారి. 1861లో మొదలైన పురావస్తు సర్వేకు తొలి సారథి అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ బెంగాల్ ఇంజనీరు. నేటి కర్ణాటకలోని సురపురం ప్రాంతంలో రాతి సమాధులను తవ్వి, పొరలను కోతబొమ్మలుగా గీసిన మెడోస్ టేలర్ నిజాం కొలువులోని సైనికాధికారి. 1944లో పురావస్తు శాఖ పగ్గాలు పట్టిన మార్టిమర్ వీలర్ బ్రిగేడియర్. కాబట్టి అడుగుతున్నది కొత్త పని కాదు, ఆగిపోయిన పనిని మళ్ళీ చేపట్టమని.

రక్షణ భూముల సర్వే పూర్తయిందని 2022 జనవరిలో ప్రకటించారు. సుమారు 17.78 లక్షల ఎకరాలను ఎలక్ట్రానిక్ టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే పరికరం), డిఫరెన్షియల్ జీపీఎస్, డ్రోన్, ఉపగ్రహ చిత్రాలతో కొలిచారు. గొప్ప పని, ఒప్పుకుంటాం. కానీ అది హద్దురాళ్ళ కోసం జరిగిన సర్వే. హద్దురాయికి పది అడుగుల దూరంలో మూడు వేల ఏళ్ళ నాటి సమాధి చుట్టూ పేర్చిన రాతి వృత్తం ఉంటే, దాన్ని గుర్తుపట్టే మనిషి ఆ బృందంలో ఉండాల్సిన పని లేదు. పురావస్తు శాఖ జాబితాకెక్కి, నీలం బోర్డు పెట్టినవాటి గతే ఎలా ఉందో 2013లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ చెప్పింది: వెళ్ళి చూసిన 1,655 రక్షిత కట్టడాల్లో 92 కనబడలేదు. జాబితాలో ఉంది కాబట్టి పోయిందని తెలిసింది. జాబితాకే ఎక్కనిది పోతే పోయినట్టు కూడా తెలియదు.

ఏం పోతోంది, ఎలా పోతోంది

1. అన్నిటికంటే ఎక్కువ నష్టం మంచి ఉద్దేశంతో జరిగే పని వల్ల: మొక్కలు నాటడం. ఒక్కో గుంత 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు. గుంతకు గుంతకు మధ్య 3 మీటర్లు. ఈ లెక్కన హెక్టారుకు 1,111 గుంతలు, సుమారు 240 ఘనపు మీటర్ల మట్టి తిరగబడుతుంది. 10 మీటర్ల వ్యాసం ఉన్న ఒక్క రాతి వృత్తంలోనే ఎనిమిది తొమ్మిది గుంతలు పడతాయి. పైన రాళ్ళు అలాగే ఉంటాయి, చూసేవాడికి వృత్తం చెక్కుచెదరలేదనిపిస్తుంది. కింద మాత్రం కుండపెంకులు, ఎముకలు, ఇనుప ముక్కలు ఏ పొరలోవో చెప్పలేనంతగా కలిసిపోతాయి. ఆ తర్వాత వేళ్ళు. సుబాబుల్, నీలగిరి వేరు బండల సందుల్లో దూరి సమాధి గదిని విడదీస్తుంది. చెట్టు కొట్టేసినా వేరు తీసేసే వీలుండదు, తీస్తే గది కూలుతుంది.

2. మొరం. రేంజిలో బట్ (తూటాలను ఆపే మట్టిగట్టు) కట్టాలన్నా, లోపలి దారి వేయాలన్నా దగ్గర్లో దొరికే ఎర్రమట్టి తీస్తారు. పాతరాతియుగపు పనిముట్లు ఉండేది చాలాసార్లు ఆ గరుసు మట్టిలోనే. పల్లావరంలో దొరికింది కూడా అలాంటి గుంటలోనే. ఇక సమాధి మీద పోగేసిన రాళ్ళకుప్ప జేసీబీ డ్రైవరు కంటికి ఎవరో సిద్ధం చేసి పెట్టిన సోలింగ్ రాయి (దారి అడుగున పరిచే రాయి).

3. మోర్చాల (సైనికులు దాక్కుని కాల్చే గుంతల) శిక్షణ. నిలబడి కాల్చే మోర్చా దాదాపు ఒకటిన్నర మీటరు లోతు తవ్వుతారు. నాలుగు పక్కలా బండలు నిలిపి పైన మూతబండ వేసిన సమాధి గది ఉండేది సరిగ్గా ఆ లోతు లోపలే. గునపానికి బండ తగిలితే అది అడ్డం, పెకలించి పక్కన పడేస్తారు. దానితో వచ్చే నలుపు, ఎరుపు కలిసిన కుండపెంకు, తుప్పు ముద్దలా కనబడే కత్తి ముక్క తవ్విపోసిన మట్టిలో కలుస్తాయి. ఇసుక బస్తాల సంగతీ ఇంతే. 2003–04లో ఇరాక్‌లోని ప్రాచీన నగరం బాబిలోన్ మీద విదేశీ సైన్యం మకాం వేసినప్పుడు, ఆ స్థలంలో కందకాలు తవ్వి, పెంకులు, ఇటుక ముక్కలు నిండిన మట్టినే బస్తాలకెత్తారు. బరువు వాహనాలు అక్కడి ప్రాచీన ఊరేగింపు దారి ఇటుకలను విరగదొక్కాయి. దురుద్దేశం లేకపోయినా జరిగే నష్టం ఇలాంటిది.

4. బూడిద దిబ్బలు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు తవ్వి చూసి, అది నవీనశిలాయుగపు పశువుల దొడ్డి అని, పేరుకున్న పేడ పదేపదే తగలబడి అయిన బూడిద అని తేల్చాడు. ఆ పొరల్లో పశువుల గిట్టల అచ్చులు అలాగే నిలిచి ఉన్నాయి. వేల ఏళ్ళు నిలిచిన గిట్ట అచ్చు వానాకాలంలో ఒక్క ట్రక్కు టైరు కింద నిలవదు.

5. చూడ్డానికి చిన్నదే అయినా ప్రతి క్యాంపులో జరిగేది ఇంకొకటి. దారి పక్కన సున్నం, జాజు పూసి వరుసగా పేర్చే రాళ్ళు. వృత్తంలో ఖాళీ కనబడితే, ఆ రాయి కోసం మొదట వెతకాల్సింది ఆ వరుసలోనే.

సర్వే ఎలా చేయాలి

తవ్వకం అడగడం లేదు. దానికి కేంద్రం అనుమతి, ఏళ్ళ తరబడి సమయం, దొరికినవి దాచే చోటు కావాలి. అడుగుతున్నది నడిచి, చూసి, కొలిచి, రాసుకోవడం.

6. పని మొదలయ్యేది బల్ల దగ్గర. పాత టోపోషీట్లు, భూసేకరణ నాటి గ్రామ పటాలు, రెవెన్యూ రికార్డుల్లోని పొలం పేర్లు. "పాటి మీది చెలక", "రాకాసి గుళ్ళ బీడు" లాంటి పేరు సగం సర్వేతో సమానం. ఇక్కడ ఎప్పుడూ జరిగే పొరపాటు ఒకటుంది. పాత షీట్లు ఎవరెస్టు డేటం (స్థానాలు లెక్కగట్టే పాత ఆధారం) మీద గీసినవి, చేతిలోని జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త ఆధారం మీద పనిచేస్తుంది. మార్చకుండా ఎక్కిస్తే గుర్తు వంద మీటర్లకు మించి పక్కకు పడుతుంది. కంచె లోపలి గుడి కంచె బయట ఎవరి పట్టా భూమిలోనో తేలుతుంది. ఆ పైన నోటీసులు, కోర్టులు.

7. అడుగు పెట్టే ముందు పేలని గుండ్ల తనిఖీ. దీనిలో రాజీ లేదు. రేంజిలో బ్లైండు (పేలకుండా మిగిలిన గుండు) ఉన్న చోట పురావస్తు బృందం కాలు పెట్టకూడదు. ముందు బాంబు నిర్వీర్య దళం నడవాలి, నేలను గళ్ళుగా విడగొట్టి, ప్రమాదం లేదని ఖాయం చేసిన గళ్ళకు గుర్తులు పెట్టాలి, వారి మనిషి ఒకరు రోజంతా బృందంతో ఉండాలి. కనబడే ఇనుము ఏదైనా సరే ముట్టుకోవద్దన్నది మొదటి పాఠం, అది ఇనుపయుగపు బల్లెంలా కనబడినా సరే. నేలలో గుచ్చే జెండాలు కూడా అక్కడ వాడకూడదు, పైన పెట్టే గుర్తులే.

8. నడక. మనుషులు వరుసగా, సమ దూరంలో, కళ్ళు నేల మీద. వెయ్యి ఎకరాలంటే సుమారు 405 హెక్టార్లు. 10 మీటర్ల ఎడంతో గీతలు గీసుకుంటే 405 కిలోమీటర్ల నడక. రాసుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ మనిషి రోజుకు 4 కిలోమీటర్లు నడిస్తే, పది మందికి పదిరోజుల పైచిలుకు. వెయ్యి ఎకరాల సైనిక భూమికి ఇంతకంటే పెద్ద అంతరాయం ఉండదు. అయితే 10 మీటర్ల ఎడం రాతి వృత్తాలకు సరిపోతుంది గాని, రెండు మూడు సెంటీమీటర్ల సూక్ష్మశిలా పనిముట్లకు సరిపోదు. వాగు గట్లు, గుట్ట పాదాలు, గరుసు నేలలు వచ్చినప్పుడు 5 మీటర్లకు, ఏదైనా దొరికిన చోట చుట్టూ 2 మీటర్లకు కుదించాలి.

ప్రతి గడిలో నేల ఎంత శాతం కనబడుతోందో రాయాలి. చాలా సర్వేలు దీన్ని వదిలేస్తాయి, అక్కడే చెడతాయి. 20 శాతం నేల కనబడే గడ్డిలో రెండు పెంకులు దొరకడం, 90 శాతం కనబడే చోట రెండు దొరకడం ఒకటి కాదు. మొదటి చోట ఊరు ఉండి ఉండొచ్చు. అందుకే కాలం చూసుకోవాలి: వానలు వెనకబట్టి గడ్డి ఎండాక, ఎండలు ముదరకముందు. మంటల అడ్డుగీత కోసం గడ్డి కాల్చే రేంజుల్లో, కాల్చిన వెంటనే నడవాలి. సర్కారు తుమ్మ కమ్మేసిన చోట మనిషి చూపు పనిచేయదు. అక్కడ లైడార్ (పైనుంచి లేజరుతో నేల రూపు కొలిచే పరికరం) ఉంటే వాడాలి, లేకపోతే "చూడలేదు" అని రాయాలి. "ఏమీ లేదు" అని రాయకూడదు.

9. దొరికిన ప్రతి వృత్తానికి ఒక నంబరు, ఒక కాగితం. మధ్య బిందువు స్థానం, రెండు దిక్కుల్లో వ్యాసం, నిలిచిన రాళ్ళెన్ని, పడినవెన్ని, ఖాళీలెన్ని, అన్నిటికంటే పెద్ద రాయి కొలత, మధ్యలో కుప్ప ఎత్తు, మూతబండ కనబడుతోందా, కొత్త గుంతలు ఉన్నాయా, కొలబద్ద, ఉత్తర దిక్కు గుర్తుతో నాలుగు వైపుల ఫొటో. చేతి జీపీఎస్ తప్పు 3 నుంచి 5 మీటర్లు. పక్కపక్కనే నాలుగు మీటర్ల ఎడంలో ఉన్న రెండు వృత్తాలను అది ఒకటి చేసేస్తుంది. టోటల్ స్టేషనో, రెండు మూడు సెంటీమీటర్ల కచ్చితత్వం ఇచ్చే ఆర్‌టీకే పరికరమో కావాలి. ఇవి ఇప్పటికే భూమి సర్వే చేసిన వారి దగ్గర ఉన్నవే. పెంకులను లెక్కపెట్టి, ఫొటో తీసి, అక్కడే వదలాలి. అంచులు, రాతలున్నవి లాంటి కాలం చెప్పే ముక్కలు మాత్రమే గడి నంబరు రాసిన సంచిలోకి. డ్రోన్ ఫొటోలు పొద్దున్నో సాయంత్రమో తీయాలి. నీడ పొడుగ్గా పడితేనే మోకాలెత్తు దిబ్బ కనబడుతుంది, మిట్టమధ్యాహ్నం అంతా చదునే.

10. నేలలోకి చూసే పరికరాల మీద అతి ఆశలు వద్దు. నేలలోని అయస్కాంత తేడాలు పసిగట్టే మాగ్నెటోమీటరుకు రేంజి భూమి శత్రువు. తూటా ముక్కల ఇనుము మోతలో పాత పొయ్యి సంకేతం వినబడదు. భూమి నిరోధం కొలిచే పద్ధతికి కడ్డీలు నేలలో గుచ్చాలి, గుండ్ల భయమున్న చోట కుదరదు. మండువేసవిలో నేల ఎండిపోయి అంకెలూ నిలకడగా రావు. నేలలోకి పోయే రాడారు గరుసు నేలలో బాగా పనిచేస్తుంది, తడిసిన నల్లరేగడిలో గుడ్డిదవుతుంది. మూడింటినీ తెచ్చి చూపించి బిల్లు పెట్టే వారికంటే, ఏది ఎక్కడ పనికిరాదో చెప్పే మనిషిని పిలవండి.

రహస్యం గురించి

11. కచ్చితమైన స్థానాలు బయట పెట్టొద్దని సైన్యం అంటుంది. మేమూ అదే అంటున్నాం. గుప్తనిధుల తవ్వకందార్ల చేతికి పటం ఇచ్చినట్టవుతుంది. పూర్తి వివరాలు రెండే చోట్ల ఉండాలి: ఆ కేంద్రంలో, పురావస్తు శాఖలో. బయటికి వచ్చే నివేదికలో బొమ్మలు, కొలతలు, వర్ణన చాలు. ఫొటోల తనిఖీకి గడువు పెట్టండి. గడువు లేని తనిఖీకి నిరాకరణకూ తేడా లేదు. డ్రోన్ బయటివాళ్ళది వద్దు, మీదే ఎగరేయండి. అక్కడ పాతే స్తంభం మీద "ప్రాచీన సమాధి" అని రాయకండి. నంబరు, తవ్వకూడదన్న గుర్తు ఉంటే చాలు.

సామాన్యులకు తగిలే దెబ్బ

12. భూమి ఇచ్చి కదిలిపోయిన ఊళ్ళకు ఆ పాడుబడ్డ గుడి, ఆ వీరగల్లు పురావస్తువు కాదు, ఇలవేల్పు. ఎక్కడుందో కాగితం మీద లేకపోతే, ఏడాదికి ఒక రోజు దీపం పెట్టుకుంటామన్న అర్జీకి కూడా జవాబు చెప్పలేరు. ఇంగ్లండులో సాలిస్‌బరీ మైదానం మీది ఇంబర్ ఊరిని 1943లో సైన్యం ఖాళీ చేయించింది. శిక్షణ ఇప్పటికీ సాగుతూనే ఉంది. అక్కడి చర్చిని మాత్రం ఏడాదిలో కొన్ని రోజులు జనానికి తెరుస్తారు.

13. ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రితం. స్థలం అంచు సరిగ్గా కొలవకపోతే సర్వే నంబరు మొత్తాన్నీ స్థలంగా రాస్తారు. అప్పుడు కంచె బయట రెండు గదుల ఇల్లు కట్టుకునేవాడు అనవసరంగా ఇరుక్కుంటాడు. రాళ్ళను కొలవడం పొరుగువాడికి కూడా రక్షణ.

14. పని మధ్యలో ఏదో బయటపడితే ఆగేది కూలీల రోజువారీ కూలి. అందుకే చూసీ చూడనట్టు కప్పేస్తారు. ముందే తెలిస్తే గోడను ఇరవై మీటర్లు జరిపితే సరిపోతుంది.

కొత్త చట్టమేదీ మేం అడగడం లేదు. కంటోన్మెంట్ల చట్టం 2006 బోర్డుల విధుల్లో పురావస్తు స్థలాల పరిరక్షణను చేర్చింది. యుద్ధంలో సాంస్కృతిక సంపదను కాపాడే 1954 హేగ్ ఒప్పందాన్ని భారతదేశం 1958లో ఆమోదించింది. సాంస్కృతిక సంపదను చూసుకునే నిపుణులను సైన్యంలో శాంతికాలంలోనే ఏర్పాటు చేసుకోవాలని దాని 7వ అధికరణం చెబుతోంది. బ్రిటిష్ సైన్యం సాలిస్‌బరీ మైదానంలో సుమారు 38,000 హెక్టార్ల మీద ట్యాంకులు నడుపుతూనే, రక్షణ శాఖలో పురావస్తు నిపుణులను ఉద్యోగంలో పెట్టుకుంది. 2011 నుంచి గాయపడిన సైనికులను పురావస్తు తవ్వకాల్లో భాగం చేస్తోంది. మనకు మాత్రం చేతకాదా? నాగార్జునకొండ లోయ మునగబోతోందని తెలిసి 1954 నుంచి 1960 వరకు లోయంతా సర్వే చేసి తవ్విన దేశం మనది. అక్కడ నీళ్ళు తరుముకొస్తున్నాయి. ఇక్కడ తరిమేది ఏదీ లేదు కాబట్టే పని కదలడం లేదేమో.

మా కోర్కెలు

1. ప్రతి పెద్ద శిక్షణ భూమికి సైన్యం నుంచి ఒకరు, పురావస్తు శాఖ నుంచి ఒకరు, పేరుతో, సంతకంతో బాధ్యులుగా ఉండాలి. కమిటీ వద్దు, ఇద్దరు మనుషులు చాలు.

2. ఇప్పటికే తీసిన డ్రోన్, ఉపగ్రహ చిత్రాలను పురావస్తు నిపుణుడు కేంద్రం లోపలే కూర్చుని చూసే ఏర్పాటు చేయాలి. ఖర్చు ఒక కుర్చీ.

3. సర్వే అయ్యేదాకా కొత్త మొక్కల గుంతలు, మొరం తవ్వకం, మోర్చాలకు ముందు ఆ చోటును ఒక నిపుణుడు నడిచి చూడాలి. ఒకసారి తవ్విన చోటే మళ్ళీ మోర్చా శిక్షణ జరిగేలా చూస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

4. రేంజి స్థాయీ ఉత్తర్వుల్లో ఒక పేరా చేర్చాలి: బండ, కుండ, ఎముక తగిలితే ఆపండి, కదపకండి, కడగకండి, చుట్టూ 10 మీటర్లు తాడు కట్టండి, పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీయండి, 24 గంటల్లో చెప్పండి. హవల్దారుకు అర్థమయ్యే భాషలో.

5. గుర్తించిన స్థలాలను "తవ్వకూడని చోటు"గా రేంజి పటం మీద ఎక్కించాలి. కమాండర్ మారితే అప్పగింత కాగితాల్లో ఆ పటం ఉండాలి. రెండేళ్ళకో మూడేళ్ళకో మారే అధికారి జ్ఞాపకం మీద ఏ రాయీ నిలవదు.

6. సున్నం పూసిన వరుసల్లో వృత్తం రాళ్ళు దొరికితే వెనక్కి తెచ్చి పెట్టే తొందర వద్దు. ఉన్నచోటే నంబరు వేయండి. ఏ గుంటలోంచి లేచిందో తేలాకే కదపాలి.

ముందు ఒకే ఒక కేంద్రం, వెయ్యి ఎకరాలు, వచ్చే డిసెంబరు. ఫారాలు, గళ్ళ పటం, నడిచే మనుషులు సిద్ధం. మొదటి వారం నడవాల్సింది మాత్రం మేం కాదు, మీ బాంబు నిర్వీర్య దళం. వారు ఏ రోజు రాగలరో చెప్పండి.

ఇట్లు,
క్షేత్ర సర్వేలు చేసే పురావస్తు పరిశోధకులు, సర్వేయర్లు, చరిత్ర అధ్యాపకులు